ప్రభు బల్ల దగ్గర మన తగాదా
(గోదావరిఖనిలో బిషప్ అజరయ్య గారి జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసం పాఠం)



బిషప్ అజరయ్య గారి పేరు మీద గోదావరిఖనిలో ఉపన్యాసం ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆయన 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టారు. డోర్నకల్‌లో పనిచేశారు. 1945 జనవరి 1న పోయారు. అప్పటికి ఈ ఊళ్ళో గనే లేదు. అయినా మనకూ ఆయనకూ చుట్టరికం ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని తేల్చాడు. ఆ బొగ్గు బయటికి తేవడానికి వేసిన రైలు కొమ్మ డోర్నకల్ దగ్గర చీలుతుంది. సింగరేణి కంపెనీ పుట్టిన చోటికీ, 1909లో అజరయ్య గారు తెలుగు నేర్చుకుంటూ కాలుపెట్టిన చోటికీ మధ్య ఉన్నది ఆ కొమ్మే. అక్కడి నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి మీదుగా బొగ్గు పొరను వెతుక్కుంటూ ఇక్కడికి చేరిన కుటుంబాలు ఈ సభలో కూడా ఉన్నాయి.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠం ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహితులను ఇవ్వండి అని అడిగి వచ్చారు. 1919 మేలో తరంగంబాడిలో కొందరు బోధకులతో కలిసి, దక్షిణ భారత సంఘాలన్నీ ఒకటి కావాలన్న ప్రకటన మీద సంతకం చేశారు. ఆ కోరిక 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)గా తీరింది. అప్పటికి ఆయన లేరు.

ఆయన కోరింది ఒక్క బల్ల, సంఘాలన్నీ కలిసి ప్రభు భోజనపు రొట్టె విరిచే బల్ల. ఈ సాయంత్రం ఆ బల్ల గురించే మాట్లాడతాను. ఒక పక్క ఆర్సీఎం అని మనం పిలిచే రోమన్ కాథలిక్కులు, ఇంకో పక్క మనం ప్రొటెస్టెంట్లు అని పిలుచుకునే పది రకాల సంఘాలు. ఈ రెండు పక్షాలూ ఐదు వందల ఏళ్ళుగా ఆ రొట్టె దగ్గరే విడిపోయి ఉన్నాయి. ఈ తగాదాలో మూడు ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుబడ్డాయి. రొట్టె ఏమవుతుంది? దాన్ని ఆశీర్వదించే చెయ్యి ఎవరిది? తినడానికి ఎవరు రావచ్చు? మనవాళ్ళు మొదటి ప్రశ్న మీదే గొంతు చించుకుంటారు. అసలు తాళం పడింది రెండోదాని దగ్గర. నొప్పి పుట్టేది మూడోదాని దగ్గర. వీటన్నిటికంటే ముందు పౌలు అడిగిన నాలుగో ప్రశ్న ఒకటుంది. దాన్ని రెండు పక్షాలూ కలిసే దాటవేస్తున్నాయన్నది ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట.

ఈ పట్టణంలో ఎన్ని బల్లలు

రామగుండం పొరల మీద గనులు తెరుచుకున్నది 1960 ప్రాంతంలో. ఆ వెనకే ఎరువుల కర్మాగారం, 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. వచ్చాయి. పనికోసం వచ్చినవాడు మంచమూ మరచెంబుతోపాటు తన సంఘాన్నీ తెచ్చుకున్నాడు. గుంటూరు వైపు లూథరన్లది 1842లో హేయర్ దొర మొదలుపెట్టిన మిషన్. ఒంగోలు వైపు బాప్టిస్టులకు 1878 జూలై 3 మరపురాని రోజు. క్లౌ దొర ఆ ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. మెదక్ వైపు వాళ్ళది పాస్నెట్ దొర మెథడిస్టు మిషన్, డోర్నకల్ వైపు వాళ్ళది అజరయ్య గారి ఆంగ్లికన్ సంఘం. ఈ రెండూ 1947లో సి.ఎస్.ఐ.లో కలిశాయి. వీళ్ళు కాక భక్తసింగ్ గారి బోధతో ఏర్పడ్డ సహవాసాలు. అక్కడ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఆపైన పెంతెకొస్తు సంఘాలు, ఒక్క పాస్టర్ గారి చుట్టూ పెరిగిన స్వతంత్ర మందిరాలు.

కాథలిక్కులు మాత్రం అంతా ఒకటే అనుకుంటాం. గోదావరి వంతెన దాటి చూడండి. ఇటు మనది 1952లో ఏర్పడ్డ వరంగల్ మేత్రాసనం. మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువులు నాటిన లాటిన్ సంప్రదాయం. అటు మంచిర్యాలది 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం. కేరళ నుంచి వచ్చిన సీరో మలబారు సంప్రదాయం. ఇద్దరూ పోపుగారి మాట కిందివాళ్ళే, ఒకరి పూజలో ఇంకొకరు సత్ప్రసాదం తీసుకోవచ్చు. కానీ పూజ క్రమం వేరు. అటువాళ్ళది అద్దాయి, మారీ అనే ఇద్దరు పెద్దల పేరు మీద వచ్చిన తూర్పు సిరియా ప్రార్థన. దాని పాత ప్రతుల్లో, కడరాత్రి ప్రభువు రొట్టె పట్టుకుని పలికిన మాటలు విడిగా కనిపించవు. సీరో మలబారు వాళ్ళు ఆ మాటలు చేర్చుకుని వాడతారు, ఇరాక్‌లోని అస్సీరియన్ సంఘం చేర్చకుండా వాడుతుంది. ఆ మాటలు లేని పూజ చెల్లుతుందా అని రోము చాలాకాలం ఆలోచించి, 2001లో చెల్లుతుందని చెప్పింది. రొట్టె విషయంలో రోముది ఒక్క అంగుళం కదలని పట్టు అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రొట్టె ఏమవుతుంది

ఏ సంఘం ఏం నమ్ముతుందో తెలుసుకోవాలంటే ప్రసంగం వినక్కర్లేదు. ఆరాధన అయ్యాక మిగిలిన రొట్టెను ఏం చేస్తారో చూస్తే చాలు. ఆర్సీఎం గుడిలో మిగిలిన అప్పాలను ఫాదర్ గారు మందసంలో పెట్టి తాళం వేస్తారు. దాని పక్కన దీపం వెలుగుతూనే ఉంటుంది. పళ్ళెంలో నలుసు మిగిలితే దాన్ని పాత్రలోకి దులిపి, నీళ్ళు పోసి, కడిగి, ఆ నీళ్ళు ఆయనే తాగుతారు. తర్వాత గుడ్డతో తుడుస్తారు. నలుసులో కూడా ప్రభువు పూర్తిగా ఉన్నాడని నమ్మేవాళ్ళు చేసే పని అది. సి.ఎస్.ఐ. గుడిలో మిగిలినదాన్ని అయ్యగారూ ఒకరిద్దరు పెద్దలూ అక్కడే భక్తితో తినేస్తారు. దాచరు. బాప్టిస్టు మందిరంలో బల్ల మీది గుడ్డ మడిచాక మిగిలిన రొట్టెను మామూలు రొట్టెలాగే చూస్తారు. చిన్న చిన్న గాజు గ్లాసులు కడిగి బోర్లిస్తారు. వాళ్ళ దృష్టిలో జరగాల్సింది తినేవాడి మనసులో జరిగిపోయింది.

ఈ మూడు తీర్ల వెనక పెద్ద చరిత్ర ఉంది. రొట్టె రూపం, రుచి, వాసన అలాగే ఉండి లోపలి సారం క్రీస్తు శరీరంగా మారుతుందన్న మాటను 1215లో లాటరన్ మహాసభ వాడింది. 1551 అక్టోబర్ 11న ట్రెంట్ మహాసభ దాన్ని గట్టి సిద్ధాంతంగా ప్రకటించింది. ఈ మధ్యలో లూథర్ వచ్చాడు. ఆయన తిరుగుబాటు ఎక్కువగా రెండు విషయాల మీద. పూజను మళ్ళీ మళ్ళీ అర్పించే బలిగా చెప్పడం ఒకటి, జనానికి పాత్ర ఇవ్వకపోవడం ఇంకొకటి. రొట్టెలో ప్రభువు నిజంగా ఉన్నాడన్న మాటను ఆయన వదులుకోలేదు. సారం మారుతుందన్న వివరణనే వదిలేశాడు.

అందుకే ప్రొటెస్టెంట్లలో మొదటి చీలిక కాథలిక్కులతో సంబంధం లేకుండానే వచ్చింది. 1529 అక్టోబర్‌లో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో లూథర్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. కూర్చోబెట్టింది ఫిలిప్ అనే ప్రభువు. కత్తులు దూసే రోజులు వస్తున్నాయి, మీరిద్దరూ ఒకటైతే తప్ప బతకమని ఆయన భయం. వాదం మొదలవకముందే లూథర్ సుద్దముక్కతో బల్ల మీద, ఇది నా శరీరమన్న ప్రభువు మాటను లాటిన్‌లో రాసి పైన గుడ్డ కప్పాడు. జ్వింగ్లీ, అది గుర్తు మాత్రమే, ప్రభువు పరలోకంలో తండ్రి కుడిపక్కన ఉన్నాడు కదా అన్నప్పుడల్లా ఆయన ఆ మాట దగ్గరికే వచ్చేవాడు. ఒక దశలో గుడ్డ ఎత్తి చూపించాడు. చివరికి 15 అంశాల్లో 14 మీద ఇద్దరూ ఏకమయ్యారు. పదిహేనోదాంట్లోనూ కొంత కలిసి, రొట్టెలో ప్రభువు ఉండే తీరు దగ్గర ఆగిపోయారు. తర్వాత వచ్చిన కాల్విన్ మధ్య దారి పట్టాడు. రొట్టె రొట్టెగానే ఉంటుంది, కానీ పరిశుద్ధాత్మ బలంతో తినేవాడు నిజంగానే క్రీస్తును పొందుతాడన్నాడు. లూథరన్లు, కాల్విన్ దారివాళ్ళు ఒకరి బల్ల దగ్గరికి ఒకరు రావడానికి ఐరోపాలో 1973 దాకా పట్టింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గుంటూరు లూథరన్ అన్న, తన పొరుగు బాప్టిస్టు అన్నతో కలిసి ఆర్సీఎం వాళ్ళను ఉత్త రొట్టెకు మొక్కేవాళ్ళని వెక్కిరిస్తుంటాడు. తన సంఘం బోధ ప్రకారం ఆ రొట్టె దగ్గర ఆయన బాప్టిస్టు కంటే ఆర్సీఎంకే దగ్గర అన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. సాల్వేషన్ ఆర్మీ తెలుగునాట చాలాకాలంగా పనిచేస్తోంది. వాళ్ళు 1883లోనే ఈ సంస్కారాన్ని పూర్తిగా మానేశారు. ప్రభువు ప్రతి భోజనంలోనూ ఉన్నాడు, దానికి వేరే ఆచారం ఎందుకన్నది వాళ్ళ వాదం. కాబట్టి ప్రొటెస్టెంట్ల అభిప్రాయమని ఒకటి లేదు. ఒక చివర లూథర్, ఇంకో చివర సాల్వేషన్ ఆర్మీ, మధ్యలో తలా ఒక మెట్టు.

మరి ఈ ప్రశ్న తెగేదేనా? చాలామంది అనుకునేదానికంటే ఇది తెగడానికి దగ్గరపడింది. 1971లో కాథలిక్, ఆంగ్లికన్ పండితులు విండ్సర్‌లో కూర్చుని ఉమ్మడి ప్రకటన చేశారు. 1982లో పెరూ దేశపు లీమాలో కాథలిక్కులతో సహా దాదాపు అన్ని సంఘాల పండితులు ఒక పత్రం మీద ఏకమయ్యారు. ప్రభువును జ్ఞాపకం చేసుకోవడమంటే చనిపోయిన తాతను తలుచుకోవడంలాంటిది కాదు, జరిగిన రక్షణ కార్యం ఆ క్షణాన మన మధ్య పనిచేయడం అని ఆ పత్రం సారాంశం. ఈ మాటతో కాథలిక్కుల బలి, ప్రొటెస్టెంట్ల జ్ఞాపకం ఒకదానికొకటి ఎదురు నిలవాల్సిన అవసరం సగం తగ్గింది. కల్వరిలో ఒక్కసారే బలి జరిగిందని కాథలిక్కులూ చెబుతారు. పూజలో దాన్ని కొత్తగా చేయడం లేదు, దాని ముందు నిలబడుతున్నామని వాళ్ళ వివరణ. మన బోధకులు ఈ వివరణను సంఘానికి చెప్పకుండా, 16వ శతాబ్దపు వాదాన్నే ఇంకా వల్లిస్తున్నారు.

చెయ్యి ఎవరిది

అంత దగ్గరపడ్డాక కూడా బల్ల ఎందుకు ఒకటి కాలేదు? ఆశీర్వదించే చేతి దగ్గర ఆగింది. అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన బిషప్పుల వరుసలో అభిషేకం పొందిన గురువు పూజ చేస్తేనే అది నిండు సంస్కారమని కాథలిక్కుల నమ్మకం. 1896లో పోపు 13వ లియో ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని తీర్పు చెప్పాడు. ఆ లెక్కన మన అజరయ్య గారు జీవితమంతా పెట్టిన బల్ల రోము దృష్టిలో చెల్లనిదే.

ఇక్కడ మనం రోము మీద కోపం తెచ్చుకునేముందు మన ఇల్లు చూసుకోవాలి. రోము ఆంగ్లికన్లను ఏమన్నదో, ఆంగ్లికన్లలో ఒక వర్గం మెథడిస్టులను, కాంగ్రిగేషనలిస్టులను అదే అన్నది. బిషప్ చెయ్యి పడని బోధకుడు బల్ల దగ్గర నిలబడితే అది ప్రభు భోజనమెలా అవుతుందన్నది వాళ్ళ అభ్యంతరం. 1919 నుంచి 1947 దాకా 28 ఏళ్ళు చర్చలు నడవడానికి ముఖ్య కారణం ఇదే. ఇంగ్లండులో ఈ కలయికను వ్యతిరేకించినవాళ్ళలో కవి టి.ఎస్. ఎలియట్ ఉన్నాడు. ఆయన 1943లో దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: కలిసిన నాటికి ఉన్న బోధకులందరినీ అలాగే అంగీకరించాలి, వాళ్ళకు మళ్ళీ అభిషేకం చెయ్యకూడదు. ఇకముందు అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలి. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి నచ్చని బోధకుణ్ణి రుద్దకూడదు. 30 ఏళ్ళు ఆగి చూడాలి.

అయినా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతంలో ఎస్.పి.జి. మిషన్ కింద పెరిగిన ఆంగ్లికన్లలో పెద్ద భాగం 1947లో సి.ఎస్.ఐ.లో చేరకుండా బయటే ఉండిపోయారు. బిషప్ అభిషేకం లేని చేతి నుంచి రొట్టె తీసుకోలేమన్నది వాళ్ళ మాట. 1963లో వాళ్ళకు వేరుగా డయాసిస్ ఏర్పడింది. చివరికి 1975లో సి.ఎస్.ఐ.లో కలిశారు. తెలుగువాళ్ళే, ఒకే బైబిలు చదివేవాళ్ళే, 28 ఏళ్ళపాటు పక్క ఊరి బల్లకు దూరంగా ఉన్నారు. వాళ్ళను మూర్ఖులనడం తేలిక. నేననను. తాము తీసుకునేది ఏమిటో, ఎవరి చేతినుంచో పట్టించుకునేవాడికి ఆ బల్ల విలువ తెలుసు. ఏ చెయ్యి అయినా ఒకటే అనేవాడు అన్నిసార్లూ ఉదారుడు కానక్కర్లేదు, కొన్నిసార్లు ఉదాసీనుడు.

అదే సి.ఎస్.ఐ. 1950లో కొత్త ఆరాధన క్రమం రాసుకుంది. అయ్యగారు బల్ల వెనక నిలబడి జనం వైపు తిరిగారు. సమాధానాన్ని చేతుల్లో చెయ్యి పెట్టి ఒకరినుంచి ఒకరికి అందించే పద్ధతిని కేరళ సిరియన్ల నుంచి తీసుకున్నారు. రెండో వాటికన్ సభ 1963లో ఆరాధన సంస్కరణకు తలుపు తీశాక, కాథలిక్ పూజలోనూ ఫాదర్ గారు జనం వైపు తిరిగారు, లాటిన్ పోయి తెలుగు వచ్చింది. ఇవాళ గోదావరిఖనిలో ఆర్సీఎం పూజకూ సి.ఎస్.ఐ. సంస్కారానికీ పక్కపక్కన హాజరైనవాడికి క్రమం ఒక్కటే అనిపిస్తుంది. పాపపు ఒప్పుకోలు, వాక్యం, విశ్వాస ప్రమాణం, సమాధానం, రొట్టె. తేడా అంతా ఆ చేతికి ఎవరు అధికారమిచ్చారన్నదాంట్లో ఉంది.

పస్తు, పాత్ర, ప్లే డే

మారనిది ఏది, మారేది ఏది అన్నది తేల్చుకోవడానికి మన కార్మికుల బతుకే సాక్ష్యం. పూర్వం కాథలిక్కు సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టకూడదు. పూజ పొద్దున్నే ఉండేది. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడి గతి ఏమిటి? ఇది లోకమంతటా కార్ఖానా కార్మికుల సమస్య. 1953లో పోపు 12వ పయస్ నీళ్ళు తాగితే పస్తు చెడదన్నాడు, సాయంత్రం పూజకు అనుమతించాడు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళ ఇబ్బంది దీనికి ఒక కారణం. 1957లో పస్తు మూడు గంటలకు తగ్గింది, 1964లో గంటకు. మన గనులు తెరిచే వేళకు ఈ దారి సిద్ధంగా ఉంది. ఇవాళ ఆదివారం ప్లే డే (వారపు సెలవు) నాడు డ్యూటీ పడి, డబుల్ మస్టర్ (రెట్టింపు కూలి) వదులుకోలేని కాథలిక్కు శనివారం సాయంత్రం పూజకు వెళ్ళినా చెల్లుతుంది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో నెలకొకసారి మొదటి ఆదివారం సంస్కారం పెట్టుకున్నచోట, ఆ రోజు షిఫ్టు పడితే ఇంకో నెల ఆగాలి.

పాత్ర సంగతీ అంతే. జనానికి రొట్టె ఒక్కటే చాలని 1415లో కాన్‌స్టాన్స్ మహాసభ తీర్మానించింది. బోహీమియాలో పాత్ర కోసం యుద్ధాలే జరిగాయి. రెండో వాటికన్ తర్వాత రోము కొన్ని సందర్భాల్లో పాత్రను తిరిగి జనానికి ఇచ్చింది. ఇటు ప్రొటెస్టెంట్లు పాత్రలోనిదాన్నే మార్చారు. 1869లో వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు ద్రాక్షరసం పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. మన సంఘాల్లో ఎండు ద్రాక్ష నానబెట్టి మరగబెట్టిన రసం వాడతారు. జీతం రోజు మందు దుకాణం దగ్గర ఆగిపోయే మగవాళ్ళున్న కాలనీలో పులిసిన రసం ఎందుకు వాడరో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. కాథలిక్కుల నియమం మాత్రం నిజమైన ద్రాక్షసారాయే కావాలంటుంది. మందు మానలేని జబ్బున్న గురువుకు మాత్రం, బిషప్ అనుమతితో, పులియని ద్రాక్షరసం వాడుకునే వీలు ఉంచింది.

నేను ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, కార్మికుడి కడుపు కోసం, రోగి కోసం సంఘాలు నియమాలు సడలించాయి. సిద్ధాంతం చెక్కు చెదరలేదు. తలుచుకుంటే దారి దొరుకుతుంది.

ఎవరు రావచ్చు

మా మేనత్త సి.ఎస్.ఐ. ఇంట పుట్టి ఆర్సీఎం ఇంటికి కోడలుగా వెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో పూజలో వరుస కదిలినప్పుడు అత్తామామలు, మొగుడు లేచి వెళ్ళేవాళ్ళు. ఆమె ఒక్కతే బెంచీ మీద, ఒళ్ళో చంటిపిల్లతో కూర్చుండిపోయేది. కొన్నేళ్ళకు విసిగి ఆర్సీఎంలో చేరింది. ఇప్పుడు పండక్కి మా గుడికి వస్తే మా బల్ల దగ్గరికి రాదు. ఆమె ఒంటరిగా కూర్చునే బెంచీ మారింది, అంతే. ఈ బొగ్గుబెల్టులో ఇలాంటి ఇళ్ళు తక్కువేమీ కావు.

కాథలిక్కుల న్యాయశాస్త్రం ఏమంటుందో చాలామందికి తెలియదు. 1983 నాటి శాసనంలో 844వ నియమం ఉంది. మామూలుగా కాథలిక్ గురువు కాథలిక్కులకే సత్ప్రసాదం ఇవ్వాలి, కాథలిక్కు ప్రొటెస్టెంట్ బల్ల దగ్గర తీసుకోకూడదు. కానీ ప్రాణాపాయంలోనూ, బిషప్ గుర్తించిన ఇతర తీవ్ర అవసరంలోనూ ప్రొటెస్టెంటుకు కూడా ఇవ్వవచ్చు. అందుకు షరతులు నాలుగు: తన సంఘపు బోధకుడు అందుబాటులో లేకపోవాలి, తనంతట తాను అడగాలి, ఆ సంస్కారం గురించి కాథలిక్కుల విశ్వాసం తనకూ ఉండాలి, తగిన మనసుతో రావాలి. 2015లో రోములోని లూథరన్ గుడికి వెళ్ళిన పోపు ఫ్రాన్సిస్‌ను, కాథలిక్కును పెళ్ళాడిన ఒక లూథరన్ స్త్రీ ఇదే విషయం అడిగింది. ఆయన నియమం మార్చలేదు. ప్రభువుతో మాట్లాడి ముందుకు సాగమని, అంతకుమించి చెప్పే సాహసం చేయలేనని అన్నాడు.

తలుపు మూసింది కాథలిక్కులే అనుకోవద్దు. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాడికి కొన్ని బాప్టిస్టు, పెంతెకొస్తు మందిరాల్లో బల్ల లేదు. పసితనంలో నెత్తిన నీళ్ళు పోయించుకున్న లూథరన్ అక్కడ బయటివాడే. కొన్ని సహవాసాల్లో వేరే ఊరినుంచి వచ్చినవాడు సిఫారసు ఉత్తరం చూపాలి. ఏ సంఘం కాపలా ఆ సంఘానిది.

ప్రాణాపాయం అన్న మాట వేరే ఊళ్ళో పుస్తకం మాట. మన దగ్గర అది ల్యాంప్ రూంలో దీపం తీసుకునే ప్రతివాడి వెంటా దిగుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. వాళ్ళలో ఎవరిది ఏ దేవుడో నేను అడగను. అలాంటి చావు ఫాదర్ గారినీ అయ్యగారినీ ఎవరినీ పిలవనివ్వదు. కానీ దెబ్బతగిలి ఆస్పత్రి దాకా వచ్చినవాళ్ళుంటారు, ఊపిరితిత్తుల్లో దుమ్ము నిండి నెలల తరబడి మంచాన పడినవాళ్ళుంటారు. వార్డులో కాథలిక్కు దగ్గరికి ఫాదర్ గారు గుడి మందసంలోంచి తెచ్చిన అప్పం ఇస్తారు. కడసారి ఇచ్చేదాన్ని వాళ్ళు ప్రయాణానికి ఇచ్చే భోజనంగా భావిస్తారు. పక్క మంచం దగ్గర అయ్యగారు చిన్న పెట్టె తెరిచి, గ్లాసులో రసం పోసి, అక్కడికక్కడే ప్రార్థన చేసి ఇస్తారు. ఒకాయన గుడిలో జరిగినదాన్ని మోసుకొచ్చారు, ఇంకొకాయన గుడినే మంచం దగ్గరికి తెచ్చారు. ఐదు వందల ఏళ్ళ వాదం ఆ రెండు మంచాల మధ్య ఉంది. రోగులిద్దరూ ఒకే గనిలో పనిచేసినవాళ్ళు.

పౌలు అడిగినది

ఇప్పుడు నాలుగో ప్రశ్న: బల్ల దగ్గర మనం ఒకరినొకరం ఎలా చూసుకుంటున్నాం? ప్రభు భోజనం గురించి కొత్త నిబంధనలో అత్యంత ఘాటైన మందలింపు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. అది చదివితే ఆ ఊరి సంఘం చేసిన తప్పేమిటో తెలుస్తుంది. రొట్టె ఏమవుతుందన్న దాంట్లో వాళ్ళు పొరబడినట్టు పౌలు చెప్పలేదు. ఉన్నవాళ్ళు ముందే వచ్చి, తెచ్చుకున్నది తినేసి, తాగి మత్తెక్కారు. లేనివాళ్ళు ఆలస్యంగా వచ్చి ఆకలితో కూర్చున్నారు. కష్టజీవులు, బానిసలు పని దిగి వచ్చేసరికి బల్ల ఖాళీ అయి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. అలా తిన్నది ప్రభు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు.

మన దేశంలో కొరింథు తప్పు కులం రూపంలో వచ్చింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, బల్ల దగ్గర కులం వరుసలు ఉండరాదని ఉత్తరువు పంపితే, తంజావూరు వైపు పైకులాల క్రైస్తవులు చాలామంది ఆ సంఘమే వదిలేశారు. తెలుగునాట రాయలసీమ, గుంటూరు ప్రాంతాల రెడ్డి, కమ్మ కాథలిక్కులకు 18వ శతాబ్దపు జెస్యూట్ మిషన్ కాలం నుంచీ తమ కులం తమకే ఉంది. మాల, మాదిగ సంఘాలు పక్కపక్క వీధుల్లో వేరు గుళ్ళు కట్టుకున్న ఊళ్ళు ప్రొటెస్టెంట్లలో కొల్లలు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్ ఆయనే. పట్టింది ఎంత కాలమో చూడండి.

అజరయ్య గారి జీవితం రాసినవారు ఒక సంగతి చెబుతారు. అంబేడ్కర్ ఆయన్ని, మేము క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒక్క సంఘంగా ఉంటామా, కులం పూర్తిగా పోతుందా అని అడిగారట. రెంటికీ అవునని చెప్పలేక తలవంచుకుని వచ్చానని ఆయనే చెప్పుకున్నారట. అంబేడ్కర్ ఆ రెండు ప్రశ్నలనూ జమిలిగా అడిగారన్నది గమనించాలి. మనం మొదటిదాన్ని పండితుల సభలకు, రెండోదాన్ని రాజకీయాలకు అప్పజెప్పి చేతులు దులుపుకున్నాం.

గనిలో దిగాక అందరూ ఒక్కటే అని మన సభల్లో చెప్పుకునే మాట వినడానికి బాగుంటుంది. బాయిలో టిఫిన్ డబ్బా మార్చుకునే ఇద్దరు, ఆదివారం వేర్వేరు గుళ్ళకు పోవడం నాకు పెద్ద తప్పుగా కనిపించదు. అందులో విశ్వాసం ఉంది, చరిత్ర ఉంది, మనస్సాక్షి ఉంది. నన్ను కలవరపెట్టేది వేరు. ఒకే గుడిలో, ఒకే రొట్టె తిని, బయటికి వచ్చాక పిల్లకు సంబంధం చూసేటప్పుడు కులం అడిగే బల్ల నాకు అర్థం కాదు. రొట్టె ఏమవుతుందన్న విషయంలో ఆ గుడి బోధ ఎంత సరైనదైనా, పౌలు లెక్కలో అది తప్పిన బల్లే.

కాబట్టి నేను కోరేవి కొన్నే. ఆర్సీఎంను విగ్రహారాధకులనడం, ప్రొటెస్టెంట్లను ఉత్త రొట్టె తినేవాళ్ళనడం మానుదాం. ఎదుటివాడి బోధను, అతను ఒప్పుకునే మాటల్లో చెప్పగలిగాకే దాన్ని ఖండిద్దాం. మన ఫాదర్లు, అయ్యగార్లు, పాస్టర్లు ఏడాదికొకసారైనా ఒకచోట కూర్చుని, ఆస్పత్రిలో ఎవరికి ఎవరిని పిలవాలో, ప్రాణాపాయంలో ఏ నియమం ఏం అనుమతిస్తుందో సంఘాలకు చెప్పాలి. రెండు సంఘాల మధ్య పెళ్ళయిన ఇళ్ళలో బెంచీ మీద మిగిలిపోయిన మనిషిని సిగ్గుపడేలా చూడకూడదు. ఆ ఇంటి గురించి ఇద్దరు పెద్దలూ కలిసి మాట్లాడుకోవాలి.

రోముకూ మనకూ మధ్య ఉన్న తాళం పెద్దలు తీయాల్సిందే. దానికి తరాలు పట్టవచ్చు, తొందరపడి పగలగొట్టడం నాకూ ఇష్టం లేదు. బల్ల దగ్గర కులాన్ని తీసేయడానికి మాత్రం పోపుగారి అనుమతీ అక్కర్లేదు, సినడ్ తీర్మానమూ అక్కర్లేదు. అది ఏ సంఘానికి ఆ సంఘం వచ్చే ఆదివారమే మొదలుపెట్టగల పని. ఆ పని చేయనంతకాలం రొట్టె గురించి ఒకరికొకరు పాఠాలు చెప్పుకునే అర్హత మనలో ఎవరికీ లేదు.